కరివేపాకు మీద మంచు

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో మంచు కురుస్తోందంటే ఎవరూ కిటికీ దగ్గరికి పరిగెత్తరు. ధనుర్మాసం నెల పొడుగునా కురిసేదే. తెల్లారగట్ట గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తూంటుంది గానీ గుడి కనిపించదు. కొబ్బరాకుల కొసల నుంచి వంటింటి రేకుల మీదికి బొట్లు రాలుతూంటాయి. ముందు బండి లైటు కనిపిస్తుంది, ఆ తర్వాత పాలవాడు కనిపిస్తాడు. ఎనిమిదింటికి ఎండ వచ్చి అంతా తుడిచేస్తుంది.

అందుకే 2017 డిసెంబరు 8న నేను హ్యూస్టన్ నుంచి ఫోన్ చేసి "ఇక్కడ మంచు పడిందండీ" అని ఆయాసపడుతూ చెబితే, మా వారు "ఇక్కడా పొద్దున్న బాగానే పడింది, నువ్వు స్వెట్టర్ వేసుకో" అని ఫోన్ పెట్టేశారు.

తప్పు ఆయనది కాదు, మాటది. గడ్డి మీద నిలిచే బొట్లూ మంచే. రోడ్డు కనపడకుండా కమ్మే పొగా మంచే. లంబసింగిలో చలి సున్నాకి దగ్గరైన రోజుల్లో గడ్డిపోచల మీద ఉప్పులా పేరుకునేదీ మంచే. హిమాలయాల్లో ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. ఆఖరికి మామిడి పూతను పీల్చి ఆకుల మీద జిగురు కార్చే పురుగుకి కూడా తేనెమంచు పురుగు అని పేరు పెట్టుకున్నాం. ఇవన్నీ ఒకటే అనుకుంటూ అరవయ్యేళ్ళు బతికేసి, ఒక పరాయి పెరట్లో నిలబడి, ఇది వేరు అని తెలుసుకున్నాను. తెలుసుకునేలోపు చేయాల్సిన తప్పులన్నీ వరసగా చేసేశాను.

ఆ తప్పులు చెప్పడానికే ఇది రాస్తున్నాను. తోటలు చలికి చచ్చిన దానికంటే తొందరకి చచ్చింది ఎక్కువ. మొదటి తొందర వాతావరణానిది: చెట్టు సిద్ధం కాకముందే వచ్చి మీద పడుతుంది. రెండోది మనది: చెట్టు బతికుందో లేదో చూడకుండా కత్తి తీస్తాం. మొదటిదాన్ని మనం ఆపలేం. రెండోదాని గురించి మాత్రం నాకు చాలా కోపం ఉంది, అందులో సగం నా మీదే.

మా అమ్మాయి పురిటికని అక్టోబరులో వెళ్ళాను. నవంబరులో మనవడు పుట్టాడు. బాలింతకి పత్యం వండటం, పిల్లాడికి నలుగు పెట్టడం పోగా మిగిలిన టైమంతా పెరట్లోనే గడిచేది. హ్యూస్టన్ మనకి కొత్తగా అనిపించే ఊరు కాదు. ఉక్కపోత అచ్చం విశాఖలాగే ఉంటుంది, దోమలు కూడా ఉన్నాయి. పెరట్లో మందారాలు, రెండు అరటి చెట్లు, కంచె మీద ఆనపపాదు, వంగ, గోంగూర, ఒక మూల నిమ్మ. ఇవన్నీ ఒకెత్తు, పెద్ద కుండీలో నా నడుము ఎత్తున్న కరివేపాకు ఒకెత్తు. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో కరివేపాకు మొక్కకి ఉండే మర్యాద తులసమ్మకి కూడా ఉండదు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు పిల్లాడిని చూసి, వెంటనే పెరట్లోకి వెళ్ళి "ఎన్నేళ్ళ మొక్కండీ?" అని అడిగేవారు. నాలుగేళ్ళ మొక్క. పిల్లాడి కంటే పెద్దది.

ఆ వారం మొదట్లో ఫ్యాన్ వేసుకుని పడుకున్నాం. ఆనపపాదుకి పూలున్నాయి, వంగ కాస్తోంది. గురువారం చలిగాలి మొదలైంది. శుక్రవారం తెల్లారి లేచేసరికి పెరడంతా ముగ్గుపిండి జల్లినట్టుంది. వీధి వీధంతా బయటికొచ్చింది. పెద్దవాళ్ళు చెప్పులతో, పిల్లలు నైట్‌డ్రెస్సులతో, అందరి చేతుల్లో ఫోన్లు. నేనూ మందారం ముందు నిలబడి ఫోటో దిగాను. ఎర్రటి పువ్వు మీద తెల్లటి మంచు. ఆ ఫోటో మా బంధువులందరికీ పంపాను. ఇప్పుడు చూస్తే శవం పక్కన నిలబడి నవ్వుతున్నట్టుంటుంది.

మధ్యాహ్నానికి మంచంతా కరిగిపోయింది. సాయంత్రానికి ఆనపాకులు ఉడికించిన తోటకూరలా నల్లబడి వేలాడాయి. మర్నాడు పొద్దున్నకి వంగ, గోంగూర, అరటాకులు కూడా అలాగే అయ్యాయి. మందారం ఆకులు నల్లగా ముడుచుకున్నాయి. కరివేపాకు రెమ్మలు పట్టుకుంటే ఆకులు చేతిలోకి రాలాయి.

అప్పట్లో నాకు అర్థం కాలేదు, తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆకు లోపల చిన్న చిన్న అరలున్నాయి, వాటి నిండా నీరు. చలి గడ్డకట్టే దాకా వెళ్తే ముందు ఆ అరల మధ్య సందుల్లో మంచు పలుకులు కడతాయి. అవి లోపలి నీటిని బయటికి లాగేసుకుంటాయి. అంటే చుట్టూ నీళ్ళుండగానే ఆకు ఎండిపోతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కూడా. ఆ లాగుడికీ ఉబ్బుకీ గోడలు, పొరలు చిరుగుతాయి. గడ్డగా ఉన్నంతసేపూ ఆకు బాగానే కనిపిస్తుంది, కరిగాక లోపలున్నదంతా కారిపోయి కూలబడుతుంది. పొద్దున ఫోటోలో అంత అందంగా ఉన్న మొక్క సాయంత్రానికి అలా అవడానికి కారణం అదే. మన అరటి, వంగ, మందారం లాంటి వేడి దేశపు మొక్కలకైతే గడ్డకట్టేదాకా కూడా అక్కర్లేదు. అరటిపళ్ళు ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది కదా, ఆ దెబ్బే ఇదీ.

ఇంకో సంగతి తెలిసి మరీ ఆశ్చర్యపోయాను. ఆ రెండు రోజుల్లో పెద్ద హాని చేసింది మంచు కాదట. రాలిన మంచులో ఎక్కువ భాగం గాలే, దూదిబొంతలో ఉన్నట్టు. దట్టంగా పరుచుకుంటే అది నేలని కప్పి ఉంచుతుంది. అసలు చలిదేశాల్లో రైతులు మంచు పడకపోతేనే బెంగపెట్టుకుంటారు, గోధుమ మొలకల మీద కప్పు లేదే అని. మాకు పడింది పల్చటి పొర, మధ్యాహ్నానికే పోయింది. ఆ రాత్రి మబ్బు విడిపోయి, గాలి ఆగి, నక్షత్రాలు మెరిశాయి. అలాంటి రాత్రి నేలలో ఉన్న వేడంతా అడ్డులేకుండా ఆకాశంలోకి పోతుంది. మనిషి ఎత్తులో ఉన్న థర్మామీటరు రెండు మూడు డిగ్రీలు చూపిస్తూండగానే, నేల దగ్గర గడ్డి మీద సున్నా కిందికి పోతుంది. నేను ఆ రాత్రి కిటికీలోంచి చూసి "అమ్మయ్య, ఆకాశం తేటపడింది" అనుకుని పడుకున్నాను. పాత చీరలు నాలుగు తీసి మొక్కల మీద నేల తాకేలా కప్పి ఉంటే, సాయంత్రం మట్టిని బాగా తడిపి ఉంటే చాలా మొక్కలు నిలబడేవి. తడిమట్టి పగటి వేడిని పట్టి ఉంచుతుంది, గుడ్డ ఆ వేడిని ఆకుల చుట్టూ ఆపుతుంది. పాత చీరలు సూట్‌కేసు నిండా ఉన్నాయి, బొంతలు కుట్టడానికని తీసుకెళ్ళినవే.

సరే, తెల్లారింది. ఇక నా తొందర మొదలైంది.

కరివేపాకు చలికి వణుకుతోంది కదా అని స్నానానికి పెట్టిన వేణ్ణీళ్ళు ఒక చెంబుడు పట్టుకెళ్ళి కుండీలో పోశాను. దీని మీద ఇంకేమీ రాయను. సైన్సు చెప్పిన పంతులమ్మనే, ముప్పయ్యేళ్ళ సర్వీసు.

తర్వాత కత్తెర తీశాను. నల్లబడ్డ ఆకుల్ని చూస్తూ ఊరుకోలేకపోయాను. బాలింత ఉన్న ఇంట్లో పెరడు అలా ఉండకూడదనిపించింది. మందారాలన్నీ మోకాలి ఎత్తుకి కోసేశాను. అరటి మట్టలు తీసేశాను. ఎండు కొమ్మలు ఒకచోట పోగు పెట్టి, బలం కోసమని ఎరువు కూడా వేశాను. అల్లుడు "ఎందుకండీ అత్తయ్యగారూ, రెస్ట్ తీసుకోండి" అంటున్నా వినలేదు. సాయంత్రానికి పెరడు శుభ్రంగా కనిపించింది.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు, మెక్సికో నుంచి వచ్చి స్థిరపడినవారు. ఆయన పెరట్లోనూ మందారాలే, అవీ నల్లబడ్డాయి. ఆయన ముట్టుకోలేదు. ఆ నల్లటి ఆకులతో, ఎండు కొమ్మలతో అలాగే వదిలేశారు. పండగలొచ్చి వీధంతా లైట్లు పెట్టుకున్నా ఆయన కంచె వెంబడి ఆ నల్లటి పొదలు అలాగే ఉన్నాయి. బద్ధకం అనుకున్నాను. మా అమ్మాయితో అన్నాను కూడా.

డిసెంబరు మూడో వారానికి మళ్ళీ వెచ్చబడింది. నా మందారాలు చిగిర్చాయి! కోసిన ప్రతి కొమ్మ పక్కనా లేత ఎర్రటి చిగుళ్ళు. కంచె మీదుగా పక్కింటివైపు కాస్త గర్వంగానే చూశాను. జనవరి వచ్చింది. మళ్ళీ గడ్డకట్టే చలి. 16, 17 తేదీల్లో రోడ్ల మీద మంచుగడ్డ పేరుకుని ఊరే ఆగిపోయింది. నా చిగుళ్ళు ఆ రెండు రాత్రుల్లో మాడిపోయాయి. ఈసారి మొదళ్ళు కూడా పోయాయి. మార్చిలో నేను తిరుగు ప్రయాణానికి సర్దుకుంటున్నప్పుడు పక్కింటాయన కత్తెరతో బయటికొచ్చారు. ఎండు కొమ్మల్ని ఒక్కొక్కటీ గోరుతో గీకి చూస్తూ, పచ్చి కనిపించిన చోటికి కోసుకుంటూ వెళ్ళారు. ఏప్రిల్లో మా అమ్మాయి పంపిన ఫోటోలో ఆయన కంచె నిండా మందారాలే, మావైపు నాలుగు గుంటలు.

కొమ్మ కోయడమంటే చెట్టుకి "లే, చిగురు వెయ్యి" అని చెప్పడమే. పైన ఉన్న ఎండు ఆకులూ కొమ్మలూ కింది మొదలుకి గొడుగులా పనిచేస్తాయి. నేను గొడుగు పీకేసి, నిద్రలేపి, కడుపునిండా ఎరువు పెట్టి చలిలో నిలబెట్టాను.

ఇది నా ఒక్కదాని బుద్ధితక్కువ పని అనుకునేదాన్ని గానీ, ఇదే కథ ఒక రాష్ట్రం మొత్తం మీద ప్రకృతే నడిపించిందని తర్వాత చదివాను. 1894 డిసెంబరు ఆఖర్లో ఫ్లోరిడాలో పెద్ద చలిదెబ్బ తగిలింది. నారింజ కాయలు చెట్ల మీదే గడ్డకట్టి పాడయ్యాయి, ఆకులు రాలాయి. కానీ చెట్లు చావలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు వెచ్చగా ఉండటంతో చెట్లలో రసం పైకెక్కి చిగుళ్ళు వచ్చాయి. రైతులు ఊపిరి పీల్చుకున్నారు. 1895 ఫిబ్రవరిలో రెండో దెబ్బ తగిలింది. రసం నిండిన కాండాలు ఆ చలికి బెరడు పగిలి చచ్చిపోయాయి. జనం తోటలు వదిలేసి వెళ్ళిపోయారు, నారింజ సాగే దక్షిణానికి జరిగిపోయింది. రెండు చలుల మధ్య ఆ వెచ్చటి రోజులే లేకపోతే చాలా చెట్లు మిగిలేవి.

చలికి అలవాటుపడ్డ చెట్లకైనా ఇదే లెక్క. శీతల దేశపు చెట్టు శరదృతువులో పగళ్ళు కురచబడటం గమనించి మెల్లగా సిద్ధపడుతుంది. పెరుగుదల ఆపుతుంది, అరల్లో నీరు తగ్గించి చక్కెరలు పెంచుకుంటుంది. నిండు చలికాలంలో సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయినా తట్టుకునే ఆపిల్ చెట్టు, అదే చలిలో సగం కూడా లేనిది నవంబరులో హఠాత్తుగా వస్తే కూలిపోవచ్చు. 1940 నవంబరు 11న అమెరికా నడిమధ్య రాష్ట్రాల్లో అదే జరిగింది. పొద్దున వెచ్చగా ఉంది, మధ్యాహ్నం దాటాక మంచు తుపాను. ఆపిల్ సాగుకి పేరున్న అయోవా ఆ దెబ్బ నుంచి మళ్ళీ తేరుకోలేదు, రైతులు మొక్కజొన్న, సోయా వేసుకున్నారు. 2011 అక్టోబరు ఆఖర్లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పడ్డ మంచుకైతే చలితో కూడా పని లేకపోయింది. చెట్లకి ఇంకా ఆకులున్నాయి, ప్రతి ఆకూ ఒక పళ్ళెంలా తడిమంచుని పట్టుకుంది. కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడి 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అదే మంచు రెండు నెలలు ఆగి, ఆకులు రాలాక వచ్చి ఉంటే ఎవరికీ గుర్తుండేది కూడా కాదు.

కాబట్టి చలిని తిట్టకండి. మన మామిడి సంగతే చూడండి. రాత్రుళ్ళు సరిగ్గా చల్లబడకపోతే మామిడి పూత పట్టదు, ఆకుచిగురు వేసి ఊరుకుంటుంది. విజయనగరం వైపు మామిడి రైతులు డిసెంబరులో చలి లేదంటే దిగాలుపడేది అందుకే. మాఘమాసంలో మాకులు వణుకుతాయని మన పెద్దవాళ్ళు అన్నారు. వణకాలి కూడా. అయితే ఆ చలి వెంట మబ్బూ, పగటిదాకా వదలని మంచూ వచ్చి పూత మీద కూర్చుంటే అది వేరే సంగతి. బూడిద తెగులు, తేనెమంచు పురుగు, జీడికైతే టీ దోమ. పూత విచ్చుకునే వేళకి వచ్చిందా, ముందూ వెనకా వచ్చిందా అన్నదే లెక్క.

2018 మార్చి ఆఖర్లో ఇంటికి తిరిగొచ్చాను. అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది.

ఉద్దానం తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట: ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు కలిపి మా ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అలా అరిగిందంటారు. కొబ్బరి, దాని నీడన జీడి, మధ్యమధ్య పనస, మామిడి. బయటివాళ్ళకి ఇది అడవి, మాకు బ్యాంకు. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర్లో తుపాను తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. వెలుగొచ్చాక తలుపు తీస్తే మా ఇంటి నుంచి సముద్రం వైపు ఎప్పుడూ కనిపించనంత ఆకాశం కనిపించింది. మధ్యలో ఉండాల్సిన చెట్లు లేవు.

"ఇలాంటిది ఎన్నడూ చూడలేదు" అన్నారు అందరూ. నేనూ అన్నాను. తర్వాత ఒకరోజు కూర్చుని తేదీలు రాసుకున్నాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. దసరా అయినా తేదీ మార్చుకుంటుంది గానీ, ఇవి మార్చుకోలేదు. హ్యూస్టన్‌లోనూ అంతే. మా వీధి జనం "అనుకోని మంచు" అని ఫోటోలు దిగారు. అంతకుముందు 2004లో క్రిస్మస్‌కి పడింది, 2008 డిసెంబరులో పడింది, 2009లో డిసెంబరు 4నే పడింది, అక్కడి రికార్డుల్లో కొలవదగ్గ మంచు అంతకంటే ముందుగా ఎప్పుడూ పడలేదు. నాలుగేళ్ళకో పదేళ్ళకో తలుపు తట్టే చుట్టాన్ని ప్రతిసారీ "మీరెవరండీ?" అని అడిగితే ఎలా?

తిత్లీ పోయిన మూడో రోజుకి కరెంటు రాలేదు, తాగునీళ్ళు రాలేదు గానీ కలప బేరగాళ్ళు వచ్చారు. పడిన చెట్లకి ఎలాగూ ధర కట్టారు, పడనివాటికీ కట్టారు. కొమ్మలు విరిగి, ఆకులన్నీ గాలికి కొట్టుకుపోయి, మొండిగా నిలబడ్డ జీడిచెట్లు. ఉప్పుగాలికి మిగిలిన ఆకులు కూడా మాడి గోధుమరంగుకి తిరిగాయి. చూడ్డానికి హ్యూస్టన్ మందారాల్లాగే ఉన్నాయి. "ఇవి సచ్చిపోయాయి, ఇప్పుడిచ్చేస్తే వంటచెరుకు ధరైనా వస్తాది" అన్నాడొక బేరగాడు. మా మరిది సరే అనబోయాడు. అతన్ని ఏమనగలం? ఎదురుగా పాతికేళ్ళ తోట నేలమట్టమై ఉంది. అలాంటప్పుడు మనిషికి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది, కనపడేదాన్ని తుడిచెయ్యాలనిపిస్తుంది. నేను కత్తెర పట్టుకున్నప్పుడు నాకూ అదే అనిపించింది.

మా తోటలో ముప్పయ్యేళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఆయన బేరగాడి మాట పూర్తి కాకుండానే ఒక జీడిచెట్టు దగ్గరికెళ్ళి, బొటనవేలి గోరుతో బెరడు మీద గీశారు. కింద పచ్చగా, తడిగా ఉంది. "పంతులమ్మగారూ, ఇటు సూడండి. సెట్టు సావనేదు. నోపల పచ్చుంది. బెదిరిపోనాది అంతే" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. తొమ్మిదివేల మైళ్ళ దూరంలో, ఈయన భాష ఒక్క ముక్క తెలియని ఒక మనిషి సరిగ్గా ఇలాగే గీకి చూడటం నేను కంచె మీదుగా చూశాను.

మా మరిదిని బతిమాలుకున్నాను. సంక్రాంతి దాకా ఆగమన్నాను. విరిగి వేలాడుతున్న కొమ్మల్ని మాత్రం నున్నగా కోయించి, గాయాలకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూయించాం. జీడికి దెబ్బ తగిలితే కాండం తొలిచే పురుగు వెంటనే వాసన పడుతుంది, అందుకని మొదళ్ళ దగ్గర వారం వారం చూసేవాళ్ళం. డిసెంబరుకి మొండి కొమ్మల నిండా చిగుళ్ళు. ఆ ఏడు జీడిపిక్క లేదు. తర్వాతి ఏడు కొద్దిగా. ఆ తర్వాత నిలబడ్డాయి. పక్క తోటలో వంటచెరుకు ధరకి ఇచ్చేసిన చోట అంటుమొక్కలు నాటారు. వాళ్ళకి మొదటి కాపు కనిపించేసరికి మా చెట్ల కింద పిక్కలు ఏరుకోవడం మాకు పాత పనైపోయింది.

ఆగడం అన్నిటికీ మందు అని నేననడం లేదు. కొబ్బరి విషయంలో మా మరిదే గెలిచాడు. జీడికి, మామిడికి, మందారానికి ఒంటి నిండా కళ్ళుంటాయి, ఎక్కడ కోసినా ఇంకోచోట మొలుస్తాయి. కొబ్బరికి ఉన్నది ఒకటే ప్రాణం, అది తలలో మొవ్వులో ఉంది. మట్టలన్నీ విరిగినా మొవ్వు నిలబడి ఉంటే చెట్టు బతుకుతుంది, రెండు మూడేళ్ళు కాపు పోతుందంతే. మొవ్వు విరిగిందా, ఇక ఎన్నాళ్ళు ఎదురుచూసినా అది స్తంభమే. పైగా కుళ్ళుతున్న మొద్దుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పక్కనున్న మంచి చెట్ల మీదికి వస్తుంది. నేను పదకొండు కొబ్బరి మొద్దుల్ని ఆశగా ఉంచమని పట్టుబట్టాను. వేసవికి వాటిలో కొమ్ము పురుగు పిల్లలు దొరికాయి. మరిది నన్నేమీ అనలేదు, మొద్దు చీల్చి చూపించాడు.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, అది బరువైనది. ఆగగలిగేవాళ్ళే ఆగుతారు. నాకు పింఛను వస్తుంది, మా అమ్మాయి డబ్బు పంపుతుంది. అప్పు చేసి ఎకరం కౌలు తీసుకున్నవాడికి వంటచెరుకు ధర కూడా ఆ వారం గంజి. వాడితో "గోరుతో గీకి చూడు నాయనా" అని నేను ఎలా చెప్పను? నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళ లెక్కలో పడిపోయిన చెట్టు ఉంటుంది, బెదిరిపోయిన చెట్టుకి గడి ఉండదు. నిలబడ్డ చెట్టుని కాపాడుకుంటే ఏమీ రాదు, కొట్టేస్తే కొంతైనా వస్తుందన్న భయం మా ఊళ్ళో చాలా గొడ్డళ్ళని లేపింది. చెట్టు మళ్ళీ కాసేదాకా రైతుని నిలబెట్టే ఏర్పాటు లేకుండా ఓపిక గురించి వ్యాసాలు రాయడం, ఇదిగో ఇప్పుడు నేను చేస్తున్న పనే, కాస్త సిగ్గుగానే ఉంటుంది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మొత్తం గడ్డకట్టింది. హ్యూస్టన్‌లో 16వ తేదీ సున్నాకి పది డిగ్రీలు కిందికి పోయింది. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్ళకి, వ్యాపారాలకి కరెంటు పోయింది, జనం కూడా చనిపోయారు. ఆ టెన్షన్‌లో మొక్కల గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మాయే చెప్పింది. కరివేపాకు కుండీని గరాజ్‌లోకి ఈడ్చారట. నేను వేణ్ణీళ్ళు పోసిన మొక్క కాదిది. ఆ పాత మొక్క పై కొమ్మలు చచ్చాక కుదురు నుంచి వచ్చిన పిలక, అదే ఇప్పుడు చెట్టైంది. మళ్ళీ నాటిన మందారాల మొదళ్ళ చుట్టూ రాలిన ఆకులు మోకాలి ఎత్తున పోసి, పైన పాత చీరలు, వాటి మీద మా వారు అక్కడ వదిలేసి వచ్చిన పొందూరు ఖద్దరు పంచె కప్పారట. "నా పంచె అమెరికాలో మందారానికి కట్టారు" అని ఆయన ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటారు. నిమ్మచెట్టు పోయింది. ఆ చలికి అక్కడ వాణిజ్య తోటలే దెబ్బతిన్నాయి, పెరటి నిమ్మ ఏపాటి. మందారాలు రెండు మిగిలాయి.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక రూలు ఉంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా. హ్యూస్టన్‌లో కూడా ఆఖరి చలి దాదాపు అప్పుడే పోతుంది. కాబట్టి శివరాత్రి దాటేదాకా పెరట్లో కత్తెర ముట్టకూడదు, ఎరువు వెయ్యకూడదు, నల్లగా ఉన్నా అసహ్యంగా ఉన్నా అలాగే ఉండనివ్వాలి. వాళ్ళ కాలనీ సంఘం నుంచి పెరడు శుభ్రం చేసుకోమని ఉత్తరాలు వస్తాయట. రానీ.

2025 జనవరి 21న మళ్ళీ పడింది. ఈసారి గట్టిగానే, హ్యూస్టన్‌లో కొన్ని అంగుళాలు, అటు న్యూ ఆర్లీన్స్‌లో ఎనిమిది అంగుళాలు. మనవడికి ఏడేళ్ళు నిండాయి. మంచుబొమ్మ చేసి దానికి ముక్కుగా బెండకాయ పెట్టాడు, కారెట్ ఇంట్లో లేదట. ఆ మర్నాడు కత్తెరని అమ్మాయి వంటింటి అలమరలో పై అరలో దాచేసింది. అల్లుడి చేతులు దురదపెడుతున్నాయని.

శివరాత్రి మర్నాడు వీడియో కాల్ చేశారు. మనవడు ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచాడు. ఒక మందారం కొమ్మ పట్టుకుని గోరుతో గీకాడు. చిన్న గోరు, ఆనలేదు. రెండోసారి గట్టిగా గీకాడు.

"బ్రౌన్ ఉంది అమ్మమ్మా."

ఇంకాస్త కింద గీకి చూడు నాన్నా, అన్నాను.